తొమ్మిది బడుల క్యాబేజీ

"పిల్ల నా కళ్ళముందే ఎండిపోతుందేమోనని భయంగా ఉంది."

ఆ మాట నేను నర్సుతో అనాల్సింది. టీ పోసిచ్చే ఆవిడతో అన్నాను.

గురువారం పొద్దున మా వీధి చివరి చర్చి హాల్లో ఒక పక్క పసిపిల్లల్ని తూచి చార్టు మీద చుక్క పెడతారు. ఇంకో పక్క పెద్దవాళ్ళు టీ తాగుతూ కూర్చుంటారు. మా హెటీకి అప్పుడు పదిహేను నెలలు. ఆరు వారాల్లో పెరగాల్సింది పోయి నూట ఇరవై గ్రాములు తగ్గింది. నర్సు చాలా మామూలుగా, "ఇంకో ఆరు వారాలు చూద్దాం. అప్పటికీ పెరగకపోతే ఆస్పత్రికి రాస్తాను" అంది. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రోజూ గ్రాఫుల్లో గీతలు చూసేదాన్ని. ఆ గీత ఎటు పోతోందో ఆవిడ చెప్పకముందే నాకు కనబడుతోంది. మా ఆయన గారెత్ సముద్రం మధ్య గాలిమరల దగ్గర మూడు వారాలు పనిచేసి రెండు వారాలు ఇంట్లో ఉంటాడు. ఈ మాట చెప్పుకోవడానికి ఆ పూట నాకు దొరికింది టీ బల్ల ఒక్కటే.

బల్ల వెనకున్నావిడకి ఎనభై ఉంటాయి. సన్నటి మనిషి, మణికట్లు మాత్రం లావు. "అదేం కాదులే" అనలేదు. "ఏం పెడుతున్నావ్?" అని అడిగింది.

చెప్పాను. క్యారెట్టు, బఠాణీ, చికెన్ విడివిడిగా ఆవిరి మీద ఉడికించి, మెత్తగా రుబ్బి, గ్రాముల లెక్కన చిన్న చిన్న గడ్డలుగా ఫ్రీజర్‌లో పెడతాను. పూట పూటకీ మూడు గడ్డలు వేడి చేస్తాను. ఇది మొహం తిప్పుకుంటుంది. చల్లారిపోతే మళ్ళీ వేడి చేస్తాను. మళ్ళీ తిప్పుకుంటుంది.

"మరి నువ్వెప్పుడు తింటావ్ తల్లీ?"

"అది పడుకున్నాక. నిలబడి. ఏదుంటే అది."

ఆవిడ ఏదో అనబోయింది. ఈలోపు పక్క బల్ల నుంచి రాయ్ హోల్డెన్ అందుకున్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎంత మెల్లగా మాట్లాడినా హాలంతా వినబడుతుంది.

"మా చిన్నప్పటి బడి భోజనానికి పంపాల్సింది అమ్మాయ్ నీ పిల్లని! ఆ క్యాబేజీ ఒక్కసారి చూపిస్తే చాలు, ఇంట్లో నువ్వు చెక్క పెట్టినా నమిలేసేది."

"అది క్యాబేజీనా?" అన్నాడు పక్కనున్నాయన. "గిన్నెలు తుడిచే గుడ్డ ఉడకబెట్టి పంపుతున్నారనుకున్నా నేను."

"నీకు గుడ్డైనా దొరికింది. మాకు గుడ్డ ఉడికిన నీళ్ళే. ఫ్రాన్సు వాడు మన ఇంగ్లీషు తిండిని వెక్కిరిస్తున్నాడంటే ఎందుకు వెక్కిరించడయ్యా! స్టేషన్ రోడ్డులో ఆ బంగ్లాదేశ్ వాళ్ళు కూరల హోటల్ పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ ఊళ్ళో సగం మందిమి నోరు చచ్చే పోయేవాళ్ళం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ బల్ల వెనకున్నావిడ కూడా నవ్వి, రాయ్ పళ్ళెంలో రెండు బిస్కెట్లు పెట్టింది.

"తిను రాయ్. ఇవి నేను చేసినవి కాదులే."

ఎవరూ పట్టించుకోలేదు. వీధిలోకి వచ్చాక చూస్తే ఆవిడ నా ముందే నడుస్తోంది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుందట. మూడేళ్ళుగా ఒకే వరసలో ఉంటున్నాం, నాకు తెలియదు. పేరు డోరీన్ కెర్షా. మిసెస్ కెర్షా అంటే ఒప్పుకోలేదు. "నన్నలా పిలిచేది కరెంటు వాళ్ళే" అంది.

"ఇవి నేను చేసినవి కాదులే అన్నారేంటి?" అని అడిగాను.

"ఆ క్యాబేజీ నేనే వండాను మరి."

పదహారేళ్ళప్పుడు ఊరి కౌన్సిల్ వంటశాలలో చేరింది డోరీన్. అది మూతపడేదాకా ఇరవై ఎనిమిదేళ్ళు చేసింది. తొమ్మిది బడులకి ఒకే వంటశాల. పద్నాలుగు వందల భోజనాలు. వండినదంతా మూత బిగించే పెద్ద పెద్ద అల్యూమినియం డబ్బాల్లోకి ఎత్తితే, పది కొట్టకముందే వ్యాన్లు బయలుదేరేవి. అంటే క్యాబేజీ ఎనిమిదింటికల్లా పొయ్యెక్కాలి. వ్యాను కింది బడుల్లో ఇచ్చుకుంటూ కొండ మీది బడికి చేరేసరికి పన్నెండుంపావు.

"రాయ్‌ది కొండ మీది బడి" అంది డోరీన్. "పాపం, వాడన్నదాంట్లో తప్పేం లేదు. డబ్బాలోకి ఎత్తేటప్పుడు అది బాగానే ఉండేదమ్మా. ఒక ఆకు నోట్లో వేసుకుని చూసేదాన్ని. బాగుండేది. వాళ్ళ దగ్గరికి చేరేసరికి అది వేరే పదార్థం."

"పిల్లలు తింటుంటే చూళ్ళేదా ఎప్పుడూ?"

"ఎలా చూస్తాను? వాళ్ళు తినేటప్పుడు నేను గిన్నెల దగ్గర. రెండింటికి డబ్బాలు తిరిగొచ్చేవి. ఎంత మిగిలిందో చూసి తెలుసుకోవడమే. జామ్ పెట్టి ఆవిరి మీద ఉడికించే పుడ్డింగు పంపితే డబ్బా గీకినట్టు వచ్చేది. అది ఎంతసేపు మూతకింద ఉన్నా చెడదు, ఇంకా మెత్తబడుతుంది. క్యాబేజీ మాత్రం ఎంత పంపితే అంత వచ్చేది. ఒకసారి ఎవడో మూత లోపల గ్రేవీలో వేలు ముంచి 'ఛీ' అని రాశాడు. ఇంత పెద్ద అక్షరం. చక్కటి రాత."

"ఏం చేశారు?"

"ఏం చేస్తాను? కడిగాను."

తన ఇంటి తలుపుకి తాళంచెవి పెట్టి, తిప్పకుండా నిలబడింది. "వచ్చే గురువారం మీ ఇంట్లో వండనా?" అంది. "గొర్రె మాంసం హాట్‌పాట్ చేస్తాను. మా ఆయన ఆల్ఫ్ పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచి చెయ్యలేదు. ఒక్కరికి కుదరదమ్మా అది. చిన్న గిన్నెలో పెడితే అడుగు మాడుతుంది, పైన వేగదు."

ఆ గురువారం హాల్లో టీ పని ఇంకొకరికి అప్పజెప్పి తొమ్మిదింటికే వచ్చింది. లోతైన గోధుమరంగు మట్టిపాత్రని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చింది. అడుగున గొర్రె మెడ మాంసం, దాని మీద ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలు, కాసిని నీళ్ళు. పైన బంగాళదుంప చక్రాలు ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కేలా, పెంకులు పరిచినట్టు పరిచింది, ఇక ఓవెన్‌లోకే. అంతే.

"ఇంకేం వెయ్యరా?"

"ఇంకేం వేస్తాం? మాంసం బాగుంటే దాని రుచి దానికి ఉంటుంది. బాగోకపోతే మనం ఏం వేసినా దాచలేం. మన వంటలో దాక్కోవడానికి చోటు లేదు తల్లీ. అందుకే వాసికెక్కలేదు. స్టేషన్ రోడ్డు వాళ్ళ కూర తెల్లారి తింటే ఇంకా బాగుంటుంది. మనది అలా కాదు, గంట ఆగితే పోతుంది. అల్లం వేసిన పార్కిన్ కేకుని మాత్రం వారం ఆగి తినాలి. మిగతావన్నీ పొయ్యి మీంచి తిన్నగా కంచంలోకే."

హాట్‌పాట్‌లోకి వెనిగర్‌లో ఊరిన ఎర్ర క్యాబేజీ నంజుకుంటాం మేం. ఆవిడ అది తేలేదు. పచ్చ క్యాబేజీ తెచ్చింది. పన్నెండుకి ఇంకా ఆరు నిమిషాలుండగా కొంచెం నీళ్ళలో వేసింది. నేను గడియారం చూస్తున్నాను.

"అది చూడకు. వాసన చూడు. ముందు తియ్యగా వస్తుంది. గుడ్డు వాసన మొదలవ్వకముందే దించెయ్యాలి."

ఆ గుడ్డు వాసన గంధకానిది. ఉడికేకొద్దీ ఎక్కువవుతుందని పుస్తకంలో చదివి పరీక్ష కూడా రాశాను. పొయ్యి దగ్గర నిలబడి వాసన చూడటం మాత్రం అదే మొదటిసారి. పొద్దున ఎనిమిదింటికి పొయ్యెక్కి పన్నెండుంపావుకి నోట్లో పడే ఆకులో అది తప్ప ఇంకేం మిగులుతుంది? నీళ్ళు వంచేసి, వెన్న, మిరియాలపొడి వేసి బల్ల మీద పెట్టింది డోరీన్. ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

నేను అలవాటుగా హెటీ గిన్నె కోసం ఫ్రీజర్ తలుపు తీశాను.

"మూసెయ్. కూర్చో."

"దీనికి..."

"దానికి ఆకలేస్తే అదే చూసుకుంటుంది. నువ్వు తిను. దానివైపు చూడకు. నువ్వు అలా చూస్తుంటే నాకే ముద్ద దిగడం లేదు, ఇక పసిదానికేం దిగుతుంది?"

తిన్నాను. పైన వేగిన చక్రాలు అంచుల్లో కరకరలాడుతున్నాయి, అడుగున రసం పీల్చుకుని మెత్తబడ్డాయి. వేడిగా, కూర్చుని, ఎదురుగా ఒక మనిషి ఉండగా నేను భోజనం చేసి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను. డోరీన్ తన ఆల్ఫ్ గురించి చెబుతోంది. చెప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చేవాడట. ఆయన కంచం మీద ఇంకో కంచం బోర్లించి, మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి ఉంచేదట. "అలా ఉంచినది ఏనాడూ బాగుండదు. ఆయన ఏనాడూ బాగాలేదని అనలేదు. అబద్ధాలకోరు."

నా కంచంలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది. హెటీ ఒక దుంప ముక్క పట్టుకుపోయింది. నేను గోడ వైపు చూశాను. ఆ చెయ్యి మళ్ళీ వచ్చింది. ఈసారి క్యాబేజీ. నోట్లో పెట్టుకుంది, నమిలింది, బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది, మళ్ళీ నోట్లో పెట్టుకుని మింగేసింది. ఇంకా కావాలని బల్ల మీద కొట్టింది.

చూడొద్దన్న మనిషి ఫోర్కు కింద పెట్టి కన్నార్పకుండా దాన్నే చూస్తోంది.

"తింటోంది" అంది. "నేను వండింది పిల్లలు ఇలా తింటారన్నమాట" అంది.

అప్పట్నుంచి ప్రతి గురువారం పన్నెండింటికి మా ఇంట్లో ముగ్గురం. మిగిలిన రోజుల్లో ఇద్దరమే అయినా నేను కూర్చునే తిన్నాను. ఆరు వారాల తర్వాత హెటీ మూడు వందల గ్రాములు పెరిగింది. పాత గీతకి ఇంకా కిందే ఉంది, కానీ చుక్క పైకి తిరిగింది. నర్సు చుక్క పెట్టి తర్వాతి బిడ్డని పిలిచింది. అదంతా క్యాబేజీ వల్లే అని నేను రాయలేను. అదే నెలలో రెండు దవడపళ్ళు కూడా వచ్చాయి. తెలిసిందల్లా ఒకటే, ఆస్పత్రికి రాయనక్కర్లేకపోయింది.

ఫిబ్రవరిలో మెట్ల మీద మంచుకి జారి డోరీన్ తుంటి విరగ్గొట్టుకుంది. ఇంటి మెట్లు ఇక ఎక్కకూడదన్నారు డాక్టర్లు. ఊరికి ఆ చివర ఒక వృద్ధాశ్రమంలో గది ఇచ్చారు. వెళ్ళే రోజు మట్టిపాత్ర మా ఇంట్లో పెట్టించింది. ఆవిడ కిటికీకి ఎవరో కొత్తవాళ్ళ తెరలు వచ్చాయి. గురువారాలు నాకు ఆ తెరల వైపు చూడకుండా నడవడం అలవాటైంది.

ఒక గురువారం హాట్‌పాట్ చేసి, సగం ఒక గిన్నెలోకి తీసి, మూతపెట్టి, రెండు తువ్వాళ్ళు చుట్టి, హెటీని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. బయలుదేరేటప్పుడు థర్మామీటరు పెడితే ఎనభై ఒక్క డిగ్రీలు. రెండు బస్సులు మారి చేరేసరికి యాభై నాలుగు. డోరీన్ కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఒళ్ళో మడిచిన దుప్పటి. గదిలో ఇంకో కుర్చీ లేదు. మూత తీసి చూసింది. పైన కరకరలాడాల్సిన చక్రాలు ఆవిరికి మెత్తబడి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రెండు ముద్దలు తిని నవ్వింది.

"నువ్వూ వ్యానువైపోయావా తల్లీ?"

"ఇక్కడ భోజనం ఎలా ఉంటుంది?" అని మాట మార్చాను.

"పన్నెండింటికి బండి మీద వస్తుంది. ఇక్కడ వండరు, ఎక్కణ్ణుంచో తెస్తారు. మూత తీస్తే అంతా ఒకటే రంగు. పక్క గదివాళ్ళు సగం వదిలేస్తారు."

"మీరు?"

"నేను మెతుకు వదలను. ఎక్కడో ఒక పిల్ల పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించి ఉంటుంది. రెండింటికి కంచాలు తిరిగొస్తే చూసుకుంటుంది కదా. నాదొక్కటైనా ఖాళీగా వెళ్ళాలి."

హెటీ ఆవిడ చేతికర్ర పట్టుకుని నిలబడింది. డోరీన్ గిన్నెకి మూతపెట్టి, తువ్వాళ్ళు మళ్ళీ అలాగే చుట్టి నా చేతికిచ్చింది. వచ్చే వారం ఇంకో రెండు తువ్వాళ్ళు చుడతాను, అడుగున వేడినీళ్ళ సంచి పెడతాను అని చెప్పబోయాను. చెప్పనివ్వలేదు. అప్పుడు ఆవిడ అన్న మాట ప్రకారమే ఇప్పుడు ప్రతి గురువారం పన్నెండింటికి నేనూ హెటీ, ఇంట్లో ఉంటే గారెత్, పాత్ర బల్ల మధ్యన పెట్టుకుని తింటున్నాం. తర్వాత ఖాళీ చేతులతో ఒంటిగంట బస్సెక్కుతున్నాం.

"నాకోసం ఏమీ మోసుకురాకు. పొయ్యి మీంచి దించగానే ఇద్దరూ కూర్చుని వేడివేడిగా తినండి. అది ఎంత తిన్నదో చూడకు, నీది నువ్వు తిను. తిన్నాక వచ్చి, ఎలా కుదిరిందో నాకు చెప్పు."