శ్రీకూర్మంలో నేను ఎర్రయ్యనైన రోజు

మా వంశంలో యుద్ధాలు ఓడినవారున్నారు, కోర్టు వ్యాజ్యాలు ఓడినవారున్నారు, పేకాటలో మామిడితోట ఓడిన చినతాతగారూ ఉన్నారు. కానీ దేవుడి దర్శనానికి వెళ్లి తనను తానే పారేసుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. అయితే నిటారుగా కూర్చుని నవ్వండి. మా ఇంట్లో వంగి నవ్వడం మర్యాద కాదు.

అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. విజయనగరంలో ఒక మేడమీద రెండు గదుల వాటాలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇప్పటికీ అక్కడే. పాలవాడు ప్యాకెట్టు గడియకు తగిలించి వెళ్లిపోతాడు. పేపరువాడు వీధిలోంచే విసురుతాడు. ఆ వారం మొత్తంలో నాతో మాట్లాడిన గొంతు ఒకటే: గ్యాసు బుక్ చేస్తే ఫోనులో "ధన్యవాదాలు" అన్న రికార్డు గొంతు. దానికి కూడా నేను "మంచిది" అని జవాబిచ్చాను. మర్యాద మర్యాదే కదా.

ఆ మర్నాడే మా పెద్దల పద్ధతిలో ఒక యాత్ర చేయాలని బుద్ధి పుట్టింది. తెల్ల రంగు అద్దె బండి మాట్లాడాను. మా తాతగారి కాలంలో కారు ఎక్కడానికి కొన్ని నియమాలుండేవి. డ్రైవరు వెనక్కి తిరగకూడదు. తనంతట తాను మాట్లాడకూడదు. అద్దంలోంచి అయ్యగారి మొహం చూడకూడదు. తాతగారికి కార్లు ఆరు, నాకు అద్దె బండి ఒకటి. నియమాలు మాత్రం పూర్తిగా సంక్రమించాయి.

"ఆ అద్దం పైకి తిప్పు," అన్నాను ఎక్కుతూనే.

"పైకేటి బాబూ? ఎనకాల లారీలొస్తే ఎలగ సూసేది?"

"పక్క అద్దాలున్నాయి కదా."

"మరి తవరితో మాటాడాలంటే?"

"అక్కర్లేదు. నా వైపు చూడకు. అరసవల్లి, తరవాత శాలిహుండం, తరవాత కళింగపట్నం, తిరుగుదారిలో శ్రీకూర్మం. నేను దిగినచోటల్లా తలుపు తీసి ఉంచు. మూసిన చప్పుడు కాగానే పోనియ్. ఎక్కడికని అడగకు."

పాపం, అడగలేదు. పేరేమిటని నేనూ అడగలేదు. బండి రణస్థలం దాటింది, ఎచ్చెర్ల దాటింది. మా ఇద్దరి మధ్య ఉన్న నిశ్శబ్దం మాత్రం దాటలేదు.

అరసవల్లిలో ఫోను బండిలోనే వదిలి గుడిలోకి వెళ్లాను. అర్చకుడు గోత్రం అడిగాడు, చెప్పాను. పేరు అడిగాడు. ఎస్టేటు పేరుతో కలిపి నా పేరులో ఏడు ముక్కలుంటాయి. ఏడూ చెప్పాను. ఆయన నాలుగో ముక్క దగ్గరే చాలించుకున్నాడు.

"కుటుంబ సభ్యుల పేర్లు?"

"అంతే."

"ధర్మపత్ని, పిల్లలు, ఎవరైనా..."

"అంతేనన్నాను కదా."

నా వెనక ఒక కుటుంబం పద్నాలుగు పేర్లు చెప్పింది. అందులో ఒకటి ఇంకా పుట్టని మనవడిదట. ఆ పేర్లు వింటూ, తల మరింత పైకెత్తి బయటికి నడిచాను. తల అంత పైకెత్తితే గోపురాలు బాగా కనిపిస్తాయి, మనుషుల మొహాలు కనిపించవు. బండ్లు నిలిపేచోట తెల్లబండ్లు వరసగా ఉన్నాయి. ఒకదాని తలుపు తీసి, ఒక మనిషి వినయంగా నిలబడి ఉన్నాడు. ఎవరైనా తలుపు తీసి పట్టుకుంటే అది నాకోసమేనని నాకు పుట్టుకతోనే తెలుసు. ఎక్కి కూర్చున్నాను.

"మెల్లగా ఎక్కండి అన్నగోరూ. మీకోసమే సూస్తన్నాం," అన్నాడు తలుపు పట్టుకున్నాయన.

డ్రైవరు నన్ను అన్నగారనడమేమిటని కనుబొమ్మ ఎత్తేలోగా, పక్కనుంచి ఒక ముసలమ్మ నా ఒళ్లో పెద్ద వెదురుబుట్ట పెట్టేసింది.

"ఇది కాసింత పట్టుకో బాబూ. సలిమిడి, సున్నుండలు. కొత్తకోడలి సారె కదా, కిందెడితే బాగోదు."

తలుపు మూసుకుంది. బండి కదిలింది. నా ఒళ్లో ఎవరిదో సారె. నా పక్కన పసుపుబట్టల్లో ఎవరో కొత్త పెళ్లికూతురు.

ఇక్కడ పాఠకులు అడుగుతారు: "అయ్యా, 'పొరపాటైంది, బండి ఆపండి' అంటే సరిపోయేది కదా?" నిజమే. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ పొరపాటైందని ఒప్పుకున్న మనిషి మా వంశంలో ఇంతవరకు లేడు. ఉంటే మాకు ఇంకా మామిడితోట ఉండేది. ఇది పైకి చెప్పగల కారణం. చెప్పలేని కారణం ఇంకొకటుంది. "మీకోసమే సూస్తన్నాం" అని నాతో ఒకరు అని పదకొండేళ్లయింది.

వినగా వినగా సంగతి తెలిసింది. వీళ్లది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు. చేపల వ్యాపారం. ఇందాక తలుపు పట్టుకుని, ఇప్పుడు ముందు సీట్లో కూర్చున్నాయన పెళ్లికూతురి తండ్రి రాములు, ముసలమ్మ అతని తల్లి అప్పలనరసమ్మ, అమ్మాయి పేరు నాగమణి. పిల్లను కళింగపట్నంలోని అత్తారింటికి మొదటిసారి దిగబెట్టడానికి వెళుతున్నారు. పెళ్లికొడుకు మేనమామ ఎర్రయ్యగారు కంటి ఆపరేషను వల్ల పెళ్లికి రాలేకపోయారు. ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచి రైల్లో ఆమదాలవలసలో దిగి, ఆటోలో అరసవల్లి వచ్చి, వీళ్ల తెల్లబండి ఎక్కాలి. వీళ్లెవరూ ఆయన్ను చూసి ఎరగరు. తెల్లపంచె కడతాడనీ, శానా పట్టింపు మనిషనీ మాత్రం విన్నారు.

రాములు ఫోనులో వియ్యపురాలికి చెబుతున్నాడు: "ఎర్రయ్యన్నగోరు ఎక్కీసినారు సెల్లెమ్మా... నేదు, మాటాడ్డం నేదు... కోపంగానే ఉన్నట్టున్నారు." ఫోను నా వైపు చాచాడు. "సెల్లెమ్మ మాటాడతాదట."

నేను అరచెయ్యి ఎత్తి వద్దన్నాను. ఏనుగు మీద కూర్చుని జనాన్ని ఆపడానికి మా ముత్తాత ఎత్తినట్టు.

"మాటాడరట," అన్నాడు రాములు గొంతు తగ్గించి. "శానా కోపం."

అప్పలనరసమ్మకు మాత్రం నా కోపమంటే భయం లేదు. "ఏటి బాబూ, అలగ గుంజకి కట్టీసినట్టు కూకున్నావు? నడుం పట్టీసినాదేటి?"

"మా ఇంటి అలవాటు."

"అలవాటేటి నీ మొకం. ఎనక్కి సేరబడు. బండి కుదుపులకి ఎముకలు ఇరిగిపోతాయి." భుజం పట్టి వెనక్కి నెట్టింది. నా వీపు సీటుకు ఆనింది. యాభై ఆరేళ్లలో అదే మొదటిసారి. చెప్పకూడదు గానీ, సుఖంగానే ఉంది.

"సున్నుండ తింటారా పెదనాన్నగోరూ?" అంది నాగమణి. సారెలోది కాదు, దారికని విడిగా తెచ్చినదట. నా అరచేతిలో పెట్టింది. నేను పెదనాన్ననైపోయాను. సున్నుండ తిన్నాను. ఇంకొకటి పెట్టింది. అదీ తిన్నాను. ఆ తరవాత దిగిపోవడానికి మొహం చెల్లలేదు.

శ్రీకూర్మంలో ఆగారు. నాకు ఆపరేషనైన కళ్లు కదా, అందుకని అప్పలనరసమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దది. ఎక్కించినంతసేపూ "సూసుకో నాయనా, మెట్టున్నాది" అంటూనే ఉంది. నా కళ్లు సలక్షణంగా ఉన్నాయి. మెట్టు కనిపిస్తూనే ఉంది. అయినా చెయ్యి విడిపించుకోలేదు.

కూర్మనాథుడి ముందు అర్చకుడు పేర్లడిగాడు. అప్పలనరసమ్మ వరసపెట్టి చెప్పింది: రాములు, నాగమణి, అల్లుడు, వియ్యంకుడు, వియ్యపురాలు... నా వంతు వచ్చింది. "ఎర్రయ్య," అంది గట్టిగా. ఏడు ముక్కల పేరున్నవాణ్ణి, ఎర్రయ్యగా తల వంచి, ఎర్రయ్యగా తీర్థం పుచ్చుకున్నాను. ఆ వరసలో నాకు ముందు ఒక పేరు, వెనక ఒక పేరు ఉన్నాయి. మధ్యలో ఉండటం అంటే అదన్నమాట.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్తంభాల మండపంలో కూర్చున్నాక రాములు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"అన్నగోరూ, ఒక మాట. పిల్ల నర్సింగు సదువుతన్నాది. ఇంకొక్క ఏడాదే. ఇశాపట్నం హాస్టల్లో ఉండి ముగించేస్తాది. అల్లుడికి ఇష్టమే. సెల్లెమ్మేమో 'మా అన్నియ్య ఎలగంటే అలగ' అన్నాది. మీరేమో ఇంటికొచ్చిన కోడలు ఇంట్లోనే ఉండాలన్నారట. మీరు వద్దంటే సదువు ఆగిపోయినట్టే. ఈ మాట మీ సెవిన ఎయ్యాలనే ఇలగ కూడా తీసుకొచ్చినాం."

నాగమణి స్తంభం పక్కన నిలబడి, చేతి గాజులు అటూ ఇటూ తిప్పుతోంది. అవి గలగలా చప్పుడు చేస్తున్నాయి.

ఇది నాకు సంబంధం లేని వ్యవహారమని చెప్పవలసిన క్షణం. కానీ నా పరిస్థితి కూడా ఆలోచించండి. ఈమధ్య కాలంలో నన్ను ఎవరూ ఏ అనుమతీ అడగలేదు. నా సమ్మతి చివరిసారి అవసరమైంది మా కోట అమ్మకం కాగితాల మీద. ఇప్పుడు ఒక తండ్రి నా ముందు చేతులు కట్టుకుని ఉన్నాడు. ముత్తాతలు నలుగురూ ఒక్కసారిగా నాలో లేచి కూర్చున్నారు.

"చదవనీయండి," అన్నాను.

"అన్నగోరూ!"

"మాటంటే మాటే. మా ఇంట్లో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం లేదు."

అమ్మాయి వంగి నా పాదాలు తాకింది. అప్పలనరసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నీ కడుపు సల్లగుండ," అంది. నా ఒళ్లు పులకరించింది. నాది కానిదాన్ని ధారాళంగా దానం చేశానన్న సంగతి అప్పుడు తోచనే లేదు. ఆ విషయంలో నేను అచ్చం మా పూర్వీకులే.

కళింగపట్నంలో ఇంటి ముందు హారతి పళ్లాలతో ఆడవాళ్లు సిద్ధంగా ఉన్నారు. గాలినిండా ఎండుచేపల వాసన. నేను బుట్టతో దిగాను. పెళ్లికొడుకు తల్లి ఎదురొచ్చి బండిలోకి తొంగి చూసింది.

"మా అన్నియ్యేడీ?"

"ఇదుగో సెల్లెమ్మా," అన్నాడు రాములు నన్ను చూపించి.

"ఈయనెవరు?"

సముద్రం చప్పుడు అంతవరకూ నేను గమనించనేలేదు. ఇప్పుడు బాగా వినిపించింది. వీపు నిటారుగా చేసి, బుట్ట పట్టుకునే, ఎస్టేటుతో సహా నా ఏడు ముక్కల పేరూ చెప్పాను.

పెళ్లికొడుకు తండ్రి తల గోక్కున్నాడు. "ఆ పేరుతో ఫంక్షన్ హాలు ఉన్నాది కదా? మా బామ్మర్ది పెళ్లి అందులోనే సేసినాం."

"అదే మా కోట."

"బాత్రూములు బాగోలేవు," అన్నాడు.

రాములు నా చేతిలోంచి బుట్ట తీసుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఏటి బాబూ ఇలగ సేసీసినారు?" అని మాత్రం అన్నాడు. నాగమణి మొహం పాలిపోయింది. "అయితే పెదనాన్నగోరు ఒప్పుకోనట్టేనా నానా?" అంది. ఇందాక నన్ను పిలిచిన పిలుపు అది. ఇప్పుడు నన్ను దాటి ఇంకెవరి మీదికో వెళ్లిపోయింది.

"పొరపాటైంది," అన్నాను. వంశంలో మొదటిసారి.

అప్పుడే ఇంకో తెల్లబండి వచ్చి ఆగింది. నాది. తలుపు తెరుచుకుని నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక తెల్లపంచె మనిషి, మా డ్రైవరు చెయ్యి పట్టుకుని, జీడిపప్పు నములుతూ దిగాడు.

"ఒసే సెల్లీ, శాలిహుండం కొండెక్కీసినానే! రైలు దిగి వచ్చి సూస్తే, సెప్పినట్టే తలుపు తీసి తెల్లబండి ఉన్నాది. ఎక్కీసినాను. పెళ్లికూతురోళ్లు మంచోళ్లే, నాకోసం ఒక బండే పెట్టీసినారు!"

జరిగింది ఆయనకు చెప్పడానికి నలుగురూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆయన విని, నల్లద్దాలు తీసి, నా వైపు పరీక్షగా చూశాడు.

"నా పేరు మీద మాటిచ్చీసినారా?"

"ఇచ్చాను."

"నేను వద్దని సెప్పడానికే అంత దూరం నుంచొచ్చినాను, తెల్సా?"

నాగమణి గాజులు మళ్లీ చప్పుడు చేశాయి. ఎర్రయ్య అప్పలనరసమ్మ వైపు తిరిగాడు. "శ్రీకూర్మంలో నా పేరు సెప్పి పూజ సేసినారా?"

"సేసినాం నాయనా. తీర్తం కూడా తాగీసినాడు ఈ బాబు."

"నా పేరు దేవుడి సెవిన పడ్డాక, ఆ గుళ్లోనే ఇచ్చిన మాట నాది కాదంటే ఎలగ? రేపు మళ్లీ ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను అక్కడికి?" కాసేపు దవడ ఆడించాడు. "సదువుకోనీ. ఏడాదే కదా." తరవాత నా వైపు వేలు చూపించాడు. "ఈ బాబుకి భోజనం ఎట్టండి. నా బదులు ఇక మాటాడనివ్వకండి."

పెట్టారు. చేపల పులుసు, కొసరి కొసరి. ఎర్రయ్య పక్కనే కూర్చోబెట్టారు. విస్తరి తీసేదాకా నన్ను ఎవరూ వెళ్లమనలేదు. తీశాక ఉండమనీ అనలేదు.

తిరుగుదారిలో శ్రీకూర్మం ఆపవద్దన్నాను. డ్రైవరు ఇక ఉండబట్టలేక అన్నాడు.

"బాబూ, తవరు కోప్పడకూడదు. పొద్దున్న తవర్ని సరిగ్గా సూడ్నేదు. సూడొద్దన్నారు. అరసవల్లిలో మళ్లీ ఎక్కినాక ఎనకనుంచి 'నాయనా, తిన్నావేటి?' అని వినబడ్డాది. పేరడిగినారు. పిల్లలెందరన్నారు. జీడిపప్పు ఇచ్చినారు. దేవుడి దర్సనమైనాక తవరు మారిపోనారని శానా సంతోసించీసినాను. తీరా సూస్తే ఆయన తవరు కాదు."

కొంత దూరం పోయాక అడిగాను. "పిల్లలెందరు?"

"సెప్పీసినాను కదా బాబూ."

"ఆయనకు చెప్పావు. నాకు చెప్పలేదు."

"ఇద్దరాడపిల్లలు బాబూ. నా పేరు సింహాచలం."

బండి ఆపించి ముందు సీట్లోకి మారాను. పైకి తిప్పిన అద్దం నా చేత్తోనే కిందికి దించాను.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట డ్రైవరు పేరు తెలుసుకోకుండా ఏ బండీ ఎక్కను. మొహం చూడకుండా ఏ తలుపులోనూ దూరను. ఇతరుల పేరు మీద ఎవరికీ ఏ మాటా ఇవ్వను. ఇది మా వంశంలో ఎవరూ మీరరాని శాసనం. వంశంలో మిగిలింది నేనొక్కణ్ణే కనుక అమలుకు ఇబ్బందేమీ ఉండదు.