నల్లమూత, తెల్లమూత

పడవ వెనక తగిలించే మోటారుకి పైన ఒక మూత ఉంటుంది. ఏ కంపెనీదో ఆ మూత రంగే చెబుతుంది. రేవులో జనానికి కంపెనీల పేర్లు నోరు తిరగవు. అందుకని నల్లమూత మోటార్లు అమ్మే ఆయన్ని నల్లమూత అనీ, తెల్లమూత మోటార్లు అమ్మే ఆయన్ని తెల్లమూత అనీ పిలవడం అలవాటైపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేర్లు ఇద్దరికీ ఉన్నాయి. అవి జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు.

మనం చెప్పుకునేది నల్లమూత సంగతి. యాభై దాటిన మనిషి. టార్పాలిన్ల దుకాణం మీద ఒక గదిలో ఒంటరిగా ఉంటాడు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "ఈ టెండరు అయిపోనీ" అంటూ వచ్చాడు. టెండర్లు అవుతూనే ఉన్నాయి, పెళ్లి మాత్రం కాలేదు. ఆదివారం ఆదివారం చెల్లెలు ఫోను చేస్తుంది. "తిన్నావా అన్నయ్యా?" అని అడిగి ఫోను మొగుడి చేతికిస్తుంది. ఆయన "ఏం బావా, మోటార్లు అమ్ముడుపోతున్నాయా, లేక నువ్వే అమ్ముడుపోయావా?" అని ప్రతి వారమూ అదే జోకు వేస్తాడు. నల్లమూత ప్రతి వారమూ నవ్వుతాడు. ఫోను పెట్టేశాక గదిలో కుక్కరు తప్ప ఇంకేదీ చప్పుడు చెయ్యదు.

మోటారు ఎంచుకోవడం తమాషా వ్యవహారం. చేపల పడవవాడు పక్క పడవకి ఏది ఉంటే అదే కొంటాడు. పక్కవాడు దాన్ని పొద్దస్తమానం తిట్టిపోస్తున్నా సరే, తనకీ అదే కావాలి. జనాన్ని అవతలి ఒడ్డుకి చేరవేసే పడవల యజమాని ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: "నడిమధ్యలో ఆగిపోతే నువ్వు ఫోను ఎత్తుతావా, ఎత్తవా?" నేవీ వాళ్ల సంగతి వేరు. వాళ్లు పక్కవాణ్నీ నమ్మరు, ఎదుటివాణ్నీ నమ్మరు. పరీక్ష పెడతారు.

ఒకేలాంటి పడవలు రెండు తెస్తారు. ఒకదానికి నల్లమూత, ఇంకోదానికి తెల్లమూత బిగిస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండింటినీ సముద్రంలో పరుగెత్తిస్తారు. మోటారు మొరాయించినా, అలారం కూసినా ఆ కంపెనీ ఇంటికి పోవాల్సిందే. రెండూ నిలబడితే తక్కువ పెట్రోలు తాగింది గెలుస్తుంది. మోసం జరక్కుండా ఒక నియమం పెట్టారు. ఈ కంపెనీ మనిషి ఆ కంపెనీ పడవలో సాక్షిగా కూర్చోవాలి. ఏం చూసినా దిగాకే చెప్పాలి, పడవలో నోరు మెదపకూడదు. అంటే రోజంతా ఎదుటివాడి మోటారు ఎప్పుడు పాడవుతుందా అని కాచుకుని కూర్చోవడమే ఉద్యోగం.

ఇలా ఒకరి చెడు ఒకరు కోరుకుంటూ ఇరవై ఏళ్లు గడిపిన ఇద్దరు స్నేహితులు కాకేం చేస్తారు? కొనుగోళ్ల ఆఫీసు వరండాలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. లోపల ఆఫీసరు ఎప్పుడు పిలుస్తాడో దేవుడికే తెలియాలి. పిలిచేదాకా కబుర్లే. తెల్లమూత వయసులో చిన్నవాడు, "అన్నా" అనేవాడు. అతని భార్య డబ్బాలో రెండు ముద్దలు ఎక్కువ పెట్టి పంపేది. "మా అన్నయ్యకి కూడా" అని చెప్పేదట. నల్లమూత ఆమెని చూసింది బహు తక్కువ. అయినా చెల్లెమ్మ చేతివంట ఎలా ఉందో ప్రతిసారీ వివరంగా కబురు పెట్టేవాడు, ఉప్పు ఎక్కువైన రోజుతో సహా.

నిజం చెప్పాలంటే, రోజు మొత్తంలో నల్లమూత మనసు విప్పి మాట్లాడే మనిషి తెల్లమూత ఒక్కడే. ఆ సంగతి తెల్లమూతకి తెలియదు. తెలియనివ్వలేదు కూడా. పోటీ కంపెనీ వాడితో "నువ్వు లేకపోతే నాకు తోచదురా" అని ఎవడు చెబుతాడు?

ఆ ఏడు నేవీ వాళ్లు గస్తీ పడవలన్నిటికీ కొత్త మోటార్లు కొంటామన్నారు. అంత పెద్ద ఆర్డరు ఆ రేవులో ఎవరూ చూడలేదు. పరీక్షకి ముందు రోజు తెల్లమూత బెంచీ మీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమిట్రా, పాడైన మోటారులా ఉన్నావు?"

"ఏం చెప్పమంటావు అన్నా. ఇది కూడా పోతే మావాళ్లు ఇక్కడి ఆఫీసు ఎత్తేస్తారు. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి. ఈ వయసులో నేను ఎక్కడికని పోను?"

నల్లమూత నవ్వేసి టీ తాగించాడు గానీ, ఆ మాట అతనితోపాటు గదిదాకా వచ్చి మంచమెక్కి కూర్చుంది. తను ఓడితే కంపెనీ తిడుతుంది, చేపల పడవలకి విడిభాగాలు అమ్ముకోమంటుంది. ప్రాణాలేం పోవు. తను గెలిస్తే? వరండా, బెంచీ, తను. ఇంకెవరూ ఉండరు.

మర్నాడు సముద్రం మంచిగానే ఉంది. నల్లమూత వెళ్లి తెల్లమూత మోటారు బిగించిన పడవలో వెనక వైపు కూర్చున్నాడు. నడిపేవాడు నేవీ కుర్రాడు, ముందుకే చూస్తున్నాడు. మధ్యాహ్నం దాకా రెండు పడవలూ నువ్వా నేనా అన్నట్టు పరుగెత్తాయి. అవతలి పడవలో తెల్లమూత, నల్లమూత వాళ్ల మోటారు పక్కన దిష్టిబొమ్మలా కూర్చుని కనబడుతున్నాడు. నల్లమూతకి నవ్వొచ్చింది.

మోటారు పక్కనుంచి సన్నటి నీటి ధార ఒకటి ఎప్పుడూ చిమ్ముతూ ఉంటుంది. మోటారు కిందనుంచి నీళ్లు పీల్చి, వేడి చల్లార్చుకుని బయటికి వదులుతోందని దాని అర్థం. ఎండ దిగుతుండగా ఆ ధార సన్నబడింది. చూస్తూ ఉండగానే బొట్లు బొట్లయింది. నీళ్లు పీల్చే చోట ప్లాస్టిక్ సంచి ఏదో అతుక్కుని ఉంటుంది. ఇంకాసేపు ఇలాగే పోతే మోటారు వేడెక్కుతుంది, అలారం కూస్తుంది, ఆర్డరు తన ఒళ్లో వచ్చి పడుతుంది. అతను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. నియమం కూడా అదే చెబుతోంది.

ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఘడియ కోసమే ఆ పడవల్లో నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు తీరా వస్తే, వరండాలో బెంచీ ఖాళీగా కళ్లముందు కనపడింది.

"బాబూ, వేగం తగ్గించు" అన్నాడు. కుర్రాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "చూస్తావేం? నీళ్లు రావడంలేదు. ఒక్కసారి రివర్సులో తిప్పి, మళ్లీ ముందుకి పోనీ."

కుర్రాడు మోటారుని రివర్సులో తిప్పాడు. పారదర్శకమైన సంచి ఒకటి నీళ్లలోకి జారిపోయింది. ధార మళ్లీ చిమ్మింది. అలారం కూయలేదు, మోటారు ఆగలేదు, రాసుకోవడానికి ఏమీ లేదు. "థాంక్స్ అంకుల్" అన్నాడు కుర్రాడు. "నేనేం మాట్లాడలేదు, నువ్వేం వినలేదు" అన్నాడు నల్లమూత.

సాయంత్రం పెట్రోలు కొలిస్తే నల్లమూత మోటారు కాస్త ఎక్కువ తాగినట్టు తేలింది. ఆర్డరు తెల్లమూతకి పోయింది.

అంత పెద్ద ఆర్డరు పోగొట్టుకున్నవాడు ఈల వేసుకుంటూ మెట్లెక్కడం టార్పాలిన్ల దుకాణం వాళ్లు ఆ రోజే చూశారు. కంపెనీ పెద్ద ఫోనులో చెడామడా తిట్టాడు. నల్లమూత ఫోను బల్ల మీద పెట్టి, కూర తరుక్కుంటూ, మధ్యమధ్య "అవును సార్, తప్పే సార్" అన్నాడు. ఇంకో పదేళ్లు వాడూ తనూ ఆ వరండాలో కూర్చోవచ్చు. ఇద్దరికీ జుట్టు నెరుస్తుంది, ఆఫీసర్లు మారుతుంటారు, చెల్లెమ్మ డబ్బా వస్తూనే ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి? ఆ వారమంతా మనిషి చాలా సంతోషంగా ఉన్నాడు.

తర్వాతి వారం తెల్లమూత బెంచీకి రాలేదు. గెలిచినవాడికి పనులుంటాయి కదా అనుకున్నాడు. ఆ పైవారమూ రాలేదు. ఆగలేక మిఠాయి పొట్లం కొనుక్కుని అతని ఆఫీసుకి వెళ్లాడు. అది ఒక ఇంటి మేడమీద గది. తలుపు బార్లా తీసి ఉంది. తెల్లమూత చొక్కా చేతులు మడిచి అట్టపెట్టెలకి తాళ్లు కడుతున్నాడు.

"రా అన్నా! నేనే వద్దామనుకుంటున్నా, ఊపిరి సలపడం లేదు. నన్ను హెడ్డాఫీసుకి వేశారు. మొత్తం నేవీ వ్యాపారం నాకే అప్పజెప్పారు!"

నల్లమూత అట్టపెట్టెల వైపు చూశాడు. "మరి ఇక్కడ?"

"ఇక్కడేముంది? అన్నీ అక్కణ్నుంచే చూసుకుంటాం. ఈ గెలుపు చలవే అన్నా ఇదంతా. లేకపోతే నన్నెవడు పట్టించుకునేవాడు? రిటైరయ్యేదాకా ఆ బెంచీ మీదే పడి ఉండేవాణ్ని, నీతోపాటు."

"ఓడితే ఆఫీసు ఎత్తేస్తారన్నావుగా?"

తెల్లమూత పకపకా నవ్వాడు. "అది ప్రతి టెండరుకీ అనే మాటేగా! నువ్వు అనవా ఏంటి? ఎత్తేసేదే అయితే ఎప్పుడో ఎత్తేసేవాళ్లు."

నల్లమూత మిఠాయి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకు నిలబడ్డాడు. తెల్లమూత తాడు వదిలేసి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఆ కుర్రాడు నాకు చెప్పాడన్నా. నీ మేలు ఈ జన్మలో మర్చిపోలేను. కానీ ఒకటి అడుగుతా. ఎందుకు చెప్పావు? నేనైతే చెప్పేవాణ్ని కాదు, నీ దగ్గర దాచడం దేనికి."

చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది. నల్లమూత మిఠాయి పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మంచి మోటారు కళ్లముందు కాలిపోతుంటే ఎలా చూస్తాంరా" అన్నాడు.

"అదే అనుకున్నా. మా ఆవిడతో కూడా అదే అన్నా. మా అన్నకి మోటార్లంటే ప్రాణం అని."

"ఊఁ" అన్నాడు నల్లమూత.

పెట్టెలు కిందికి దింపడానికి సాయం చేశాడు. వ్యానులో ముందు సీట్లో చెల్లెమ్మ కూర్చుని ఉంది. "మీరు తప్పకుండా రావాలి అన్నయ్యగారూ" అంది. "వస్తాలేమ్మా" అన్నాడు. మిఠాయి పొట్లం పిల్లలకని ఆమె చేతిలో పెట్టాడు. తెల్లమూత తన గది తాళంచెవి నల్లమూత అరచేతిలో పెట్టి, "కింద ఇంటివాళ్లు బయటికి వెళ్లారు, వచ్చాక కాస్త ఇచ్చెయ్ అన్నా" అని ఎక్కాడు. వ్యాను మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

నల్లమూత మళ్లీ మేడెక్కాడు. ఖాళీ గదిలో గోడకి మేకులు, నేల మీద తాడు ముక్కలు మిగిలాయి. చీపురు కనబడితే ఊడ్చాడు. ఊడవడం అయిపోయాక చెయ్యడానికి ఇంకేమీ లేకపోయింది. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ముక్కు చీదుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

తాళంచెవి కోసం పైకొచ్చిన ఇంటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, ఏమైందండీ?"

"మావాడు వెళ్లిపోయాడమ్మా."

"ఎవరు, మీ తమ్ముడా?"

నల్లమూత కళ్లు తుడుచుకుని లేచాడు. తాళంచెవి ఆమె చేతికిచ్చాడు.

"కాదమ్మా," అన్నాడు. "పోటీ కంపెనీ ఆయన."