‘ఆరో వార్డు’ పాటల్లో నేను విన్న డ్రమ్ము

రెండేళ్ళ కిందట, తమిళుల ఆడి నెల మొదటి వారంలో, ‘ఆరో వార్డు’ అనే పంక్ రాక్ బృందం కొత్త ఆల్బం సమీక్ష నాకు అప్పగించారు. మదురై నుంచి నడిచే ఒక సంగీత వెబ్ పత్రికకు నేను రాజపాళయంలో మా ఇంటి నుంచే రాసేదాన్ని. మూడేళ్ళు రాసి, ఇరవై ఏడో ఏట మానేసి, ఇప్పుడు ఒక స్కూలు లైబ్రరీలో ఉన్నాను. ఆ వృత్తి వరకు నేను రిటైరయినట్టే.

పంక్ రాక్ తెలియనివారికి: కొద్దిపాటి స్వరాలు, పెద్ద గొంతు, ఎవరిమీదో కోపం. ‘ఆరో వార్డు’ మా ఊరి బృందమే. వాళ్ళ కోపమంతా వార్డు కొళాయి మీద. తమిళమూ మా తెలుగూ కలిపి పాడతారు. పదేళ్ళు మూగబోయి, మళ్ళీ తెచ్చిన ఆల్బం పేరు ‘నీళ్ళెప్పుడు?’. గాయకుడు రఘు ఇప్పుడు సేత్తూరులో పశువుల దాణా అంగడి పెట్టుకున్నాడు.

బంధువుల ఆల్బం సమీక్షించకూడదని మా పత్రిక నియమం. ఆ నియమం గట్టిగా పాటిస్తే, అందరూ చుట్టాలే అయిన మా ఊళ్ళో సమీక్షకు కుక్కలు మాత్రమే మిగులుతాయి. రఘు నాకు మామ వరుస అవుతాడని అవ్వ ఒక్క నిమిషంలో తేల్చింది. దూరపు వరుసే కదా అని ఎడిటర్ ముత్తు సార్ వదిలేశారు.

పద్ధతి ఇది. విడుదలకు ముందే రహస్య లింకు వస్తుంది, దానితోపాటు ఎవరు ఏ వాద్యం వాయించారో చెప్పే పట్టిక. మూడుసార్లు వినాలి: ఒకసారి హెడ్‌ఫోనులో, ఒకసారి స్పీకరులో, ఒకసారి ఏదైనా ఇంటిపని చేస్తూ. తరువాత పట్టికతో సరిచూసి రాయాలి. నక్షత్రాలు వేసే అధికారం ఎడిటర్‌ది, మాది కాదు. నాకు అప్పుడు చెవి పోటు. హెడ్‌ఫోను వదిలేసి మూడుసార్లూ స్పీకరులోనే విన్నాను. ముందే పట్టిక చూస్తే మనసు ఒకవైపు ఒరుగుతుందని పక్కన పెట్టాను, తరువాత మరిచిపోయాను.

నేను మనుషుల ముందు నోరు తెరవను. కాగితం మీద మాత్రం నాకు భయం లేదు. అప్పటికే చెన్నై విమర్శకుడొకడు ఆల్బం బోసిగా ఉందన్నాడు. బెంగుళూరు విమర్శకురాలు ఆ వెలితే దాని ధైర్యం అంది. నేను ఇద్దరినీ ఏకేశాను. ‘ఈ ఆల్బంకు ప్రాణం డ్రమ్మరే. ఆ వాయింపు వినబడనివారు చెవులు కడుక్కోవాలి’ అని రాశాను. ముత్తు సార్ మురిసిపోయి నాలుగు నక్షత్రాలు వేశారు.

మూడో రోజు రఘు మామ మా ఇంటికి వచ్చాడు. చేతిలో బ్యాటరీ స్పీకరు, ముఖం ఎర్రగా.

“ఏందమ్మా, డ్రమ్ము ఎక్కడ విన్నావు? మా పాత డ్రమ్మరు శేఖరు ఇప్పుడు ఆ ఆరో వార్డు కౌన్సిలరు! వాడు పదవికి వచ్చినా నీళ్ళు రాలేదనే కదా ఇంత పాడినాము. డ్రమ్ము జాగా వేణుమనే, కావాలనే ఖాళీగా విడిచినాము.”

అంతకన్నా ఘోరం ఇంకోటి జరిగింది. శేఖరు నా వాక్యాన్ని తన ఫోటోతో ఫ్లెక్స్ కొట్టించి, సరిగ్గా ఆ ఎండిన కొళాయి పైనే కట్టించాడు. ఆదివారం వీధిలో జరిగే విడుదల కచేరికి తానే తలైవరుగా, అంటే సభాధ్యక్షుడిగా, వస్తానని చెప్పుకుంటున్నాడు. ఆయన్ని తిట్టే ఆల్బం ఆయన ఖాతాలో పడిపోతోంది. దానికి కారణం నేను.

అయినా నా చెవి మీద నాకు నమ్మకం. “మామా, వినండి” అని మూడో పాట పెట్టించాను. ధడ్ ధడ్ ధడ్ అని డ్రమ్ము మోగింది. “ఇదో!” అన్నాను.

మామ స్పీకరును చెవి దగ్గర పెట్టుకున్నాడు, దూరం పెట్టాడు, తిప్పి వెనక చూశాడు. “అట్లే ఉండాది” అన్నాడు. ఆయన గొంతులోనూ అనుమానం మొదలయింది.

అప్పుడు కరెంటు పోయింది. పాట సాగుతూనే ఉంది. డ్రమ్ము ఆగిపోయింది.

వాకిట్లో కూర్చున్న అవ్వ అడిగింది: “ఏమిరా రఘూ, మీ డ్రమ్ముకారుడు కరెంటుతో నడుస్తాడా?”

మా పడమటి గోడ అవతల బ్యాండేజీ గుడ్డ నేసే కరెంటు మగ్గాల షెడ్డు ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఆడుతోంది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు నాకు చప్పుడుగా వినిపించలేదు. పాటలో ఖాళీ కనబడగానే నా చెవి దాన్ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టింది. రఘు మామ నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. “నాలుగు నక్షత్రాలూ మగ్గం ఓనరుకే పోవాలమ్మా” అన్నాడు. తరువాత నవ్వు ఆపి, “ఆదివారానికి ముందు ఏమైనా చెయ్యి” అన్నాడు.

మా పత్రికలో సవరణ అంటే పేజీ అడుగున, చిన్న అక్షరాలతో, పేరు లేకుండా ఒక వాక్యం. అది ఫ్లెక్సును దించదు. నేను ముత్తు సార్‌కు ఫోను చేసి, సవరణ పైన వేయాలని, నా పేరుతో వేయాలని అడిగాను. ఆయనతో ఫోనులో మాట్లాడటం అదే మొదటిసారి. చెప్పవలసింది డైరీలో రాసుకుని చదివాను. ఊరంతా నవ్వుతారమ్మా అని ఆయన హెచ్చరించారు. నవ్వనీండి సార్ అన్నాను. శుక్రవారం ఉదయం సవరణ వచ్చింది: ‘ఈ ఆల్బంలో డ్రమ్ము లేదు. కౌన్సిలర్‌గారు వాయించలేదు. నేను విన్నది మా పక్కింటి మగ్గం.’

మధ్యాహ్నం శేఖరే ఫోను చేశాడు. కోపంగా లేడు, దిగులుగా ఉన్నాడు. తన పాత రికార్డింగు ఏదో వాడుకుని ఉంటారనుకున్నాడట. “అయితే నేను బాగా వాయించలేదా?” అని అడిగాడు. సాయంత్రానికి ఫ్లెక్సు దిగింది. ఆదివారం కచేరి ఆ కొళాయి ముందే, తలైవరు లేకుండా జరిగింది. డ్రమ్ము రావలసిన చోట జనం చప్పట్లు కొట్టారు. నీళ్ళు మాత్రం ఆ రోజూ రాలేదు.

ఆ ఆల్బం నాకు నేర్పింది ఇది: పాట వినే ముందు గదిని వినాలి, రాసే ముందు పట్టిక చూడాలి. ఆ తరువాత నేను రాసిన ప్రతి సమీక్షకూ మూడో వినికిడిని కరెంటు లేని పూటకే ఉంచుకున్నాను. నా సమీక్షలు ఆలస్యంగా వస్తాయని పేరొచ్చింది. తప్పుగా వచ్చాయని మళ్ళీ ఎవరూ అనలేదు.