క్యూ పక్కన యు లేని మాటలు

సౌందర్య పదో తరగతిల ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. మళ్ల రాస్తే మళ్ల అదే తప్పింది. మూడోసారి రాయనన్నది. బోధన్ రాకాసిపేటల తల్లి పక్కన కూసొని బీడీలు చుట్టుడు మొదలుపెట్టింది. పెండ్లయింది, నాలుగేండ్లకు మొగడు జరమొచ్చి పోయిండు, మళ్ల ఆ బీడీల చాట ముందటికే వచ్చింది.

ఆమె బాపు లింగం షుగర్ ఫ్యాక్టరీల పనిచేసేటోడు. ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు, కార్మికుల క్లబ్బుల పుస్తకాలు పాతసామాను కింద పోతుంటే, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి తెచ్చి బిడ్డ ముందట పెట్టిండు.

"నిన్ను తప్పిచ్చిన మాటలన్నీ గిండ్ల ఉన్నయట. సూడు" అన్నడు.

ఎక్కిరిచ్చుడు కాదు, ఆయన మాట తీరే అంత.

అర్థాలు గూడ ఇంగ్లీషులనే ఉన్నయి. అవి ఆమెకు ఎక్కలేదు. కానీ అక్షరాలు ఎక్కినయి. ఆకు ఏరినట్టు మాటలు ఏరుడు మొదలుపెట్టింది. జెడ్ రెండుసార్లు వచ్చేటియి ఒక దిక్కు. ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటి గూడ లేనియి ఇంకో దిక్కు. పొడుగు నోటుబుక్కుల నీలం పెన్నుతోటి రాసుకునేది. క్యూ వచ్చిందంటే పక్కన యు ఉండుడే, యాడ సూసినా గంతే. లేనిది ఒక్కటన్న దొరుకుతదా అని నెలల తరబడి ఎతికింది. ఒకనాడు దొరికింది. ఎఫ్, ఎ, క్యూ, ఐ, ఆర్. నోట్ల అనుకొని చూస్తే ఫకీర్. శుక్రవారం వాడకట్టుల తిరిగే ఫకీరే. తర్వాత బుర్ఖా దొరికింది, ఖవ్వాలీ దొరికింది. ఇంగ్లీషుల ఆమెకు చుట్టాలు కనవడ్డట్టయింది. ఆ పూట బీడీలు తక్కువైనయని తల్లి తిట్టింది.

బీడీల పని సన్నగిల్లినంక ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్ల ఆయమ్మగ కుదిరింది. అక్కడనే ఒకనాడు, ఇంగ్లీషు చెప్పే శ్రీధర్ సార్ నలుగురు పిల్లలను కూసోబెట్టి జిల్లా పదాల పోటీకి తయారు చేస్తున్నడు. మాటల క్యూ ఉండాలె, యు ఉండొద్దు. పిల్లలు తెల్లమొఖం ఏసిండ్రు. సార్ గూడ పెన్ను కొరుకుతున్నడు. గది ఊడుస్తున్న సౌందర్య ఆగింది.

"బుర్ఖా రాయి బిడ్డా. బి, యు, ఆర్, క్యూ, ఎ. యు ఉన్నది గని క్యూ ఎనుక కాదు. గది వద్దంటే ఫకీర్ రాయి."

సార్ ఫోన్ల చూసుకున్నడు. తల ఎత్తి ఆమెను మొదటిసారి చూసినట్టు చూసిండు. తెల్లారి ఏడు నోటుబుక్కులు సంచిల ఏస్కొచ్చి ఇచ్చింది.

ఆ ఏడు పోటీల వాళ్ల బడికి మొదటి బహుమతి వచ్చింది. నిజామాబాద్ హాల్ల ఎనుక వరసల సౌందర్య ఆడపిల్లల నీళ్ల సీసాలు ఒడిల పెట్టుకొని కూసున్నది. స్టేజి మీద శ్రీధర్ సార్ మైకు పట్టుకొని, "ఇది నా ఎన్నో ఏండ్ల కష్టం" అన్నడు. నెల తిరగకముందే బడోళ్లు చిన్న పుస్తకం అచ్చేసిండ్రు. ఆమె ఏరిన వరసలోనే మాటలు, అట్ట మీద శ్రీధర్ పేరు.

స్టాఫ్ రూముకు పోయి అడిగింది. "సార్, నా పేరు యాడన్న చిన్నగనన్న ఏస్తే అయిపోవు గదా."

"మాటలు డిక్షనరీల ఉన్నయి ఆయమ్మా. నువ్వు పుట్టిచ్చినవా, నేను పుట్టిచ్చిన్నా?" అని, పుస్తకం తెరిచి ఒక మాట మీద వేలు పెట్టిండు. "గిది చదువు. మళ్లసారి నీ పేరే ఏపిస్త."

ఒక్క క్యూ ఎనుక నాలుగు అచ్చులు వరసగ నిలబడ్డ మాట. ఆమెకు పానం లెక్క ఇష్టమైన మాట. "క్యుయెయుయె" అన్నది. టీచరమ్మలు నవ్విండ్రు. సార్ నవ్వలేదు. "దాన్ని ఒట్టిగ క్యూ అంటరు. ఏం కాదు, పో" అన్నడు మెల్లగ. నవ్వినా అంత గోసయ్యేది కాదు.

మరుసటేడు ఆయనే నల్లా కాడికి వచ్చిండు. "ఆయమ్మా, క్యూవి కొత్తయి ఇంకో ఇరవై కావాలె."

"ఫోన్ల ఉంటయి గద సార్."

"ఫోన్ల వెయ్యి చూపెడ్తది. పిల్లలకు ఏది గుర్తుంటదో నీకే ఎర్క. నువ్వు రాసిందంటే నేను మళ్ల చూడను గూడ చూడ. తప్పుండదు."

ఇన్నేండ్లల్ల ఆమెకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే. అది గూడ ఎవ్వరూ లేని కాడ.

పందొమ్మిది సరిగ్గ రాసింది. ఇరవయ్యోది కసమ్. క్యూ, ఎ, ఎస్, ఎ, ఎం. ఒట్టు అని. వాడకట్టుల పొద్దంత వినవడే మాట. ఫకీరును, బుర్ఖాను తీస్కపోయిన ఇంగ్లీషోళ్లు దీన్ని ఇడిసిపెట్టి పోయిండ్రు. డిక్షనరీల లేదని మూడుసార్లు చూసుకున్నది. స్టేజి మీద సార్ మొఖం ఎట్ల మాడుతదో అనుకుంటనే కాయితం మడిచి ఇచ్చింది.

పోటీ నాడు బోర్డు మీద ఆ మాట రాసింది సార్ కాదు, శిరీష. ఎడపల్లి చెరుకు రైతు బిడ్డ, తొమ్మిదో తరగతి. రాసేటప్పుడు ఎనుక వరస దిక్కు తిరిగి ఆయమ్మను చూసి నవ్వింది. జడ్జీలు పుస్తకాలు తిరగేసిండ్రు. అసొంటి మాట లేదన్నరు. తప్పు మాటకు పది మార్కుల కోత. నాలుగు మార్కులతోటి బహుమతి చేజారింది.

వ్యానుల సార్ ఎనుకకు తిరిగిండు. "ఎవరు చెప్పిండ్రు నీకు ఆ మాట?"

శిరీష ముక్కు తుడుసుకున్నది. "నేనే తప్పు ఎక్కిచ్చుకున్న సార్. ఆయమ్మ రాసింది ఏరే ఉండొచ్చు."

"తెలివి యాడ పెట్టినవ్?" అని సార్ తిట్టుకుంట పోయిండు. పిల్ల సౌందర్య తొడ మీద తల పెట్టి ఏడ్సింది. సౌందర్య ఆ తల నిమిరింది. చెప్పాలని జానకంపేట కాడ నోరు తెరిచింది. గేటు పడితే రైలు పోయేదాంక ఆగిండ్రు. అప్పుడు గూడ చెప్పలేదు. ఎడపల్లి వచ్చింది, శిరీష దిగిపోయింది.

పదో తరగతిల శిరీషను జట్టుల తీసుకోలేదు. తల్లిదండ్రుల మీటింగు నాడు, "స్పెల్లింగు మీద పట్టు లేదమ్మా" అని సార్ ఆమె తల్లికి చెప్తుంటే, సౌందర్య అక్కడనే కుర్సీలు ఏస్తున్నది. తల్లి బిడ్డ దిక్కు ఒక చూపు చూసింది. శిరీష తల దించుకున్నది.

సౌందర్య మిగిలిన కుర్సీలు ఎత్తుకొని పక్క గదిలకు పోయింది.