కనగం పిండిలో ప్రాణులు

మా ఒర్లియంపేట వీధిలో ఇడ్లీపిండి అమ్మే కనగం గురించి రాయాలంటే ఆమె మొండితనంతోనే మొదలుపెట్టాలి. పుట్టింది మురుంగపాక్కంలో. మొగుడు మునియప్పన్ పనిచేసే మిల్లు మూతపడిన నెలలోనే గ్రైండరు కొని ఇంట్లో పెట్టింది. "మిల్లు మూస్తే మనం నోరు మూసుకుంటామా?" అన్నది.

రెండువేల అయిదో సంవత్సరం వానలకు కొళాయి నీళ్లలో మురుగు కలిసి, వీధిలో సగం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. వీధి సంఘం కార్యదర్శి గుణశేఖరన్ కొళాయిని వదిలి కనగం మీద పడ్డాడు.

"చేత్తో కలిపే పిండి, అక్కా. అంతా బాక్టీరియా. ఇంక అరుగు మీద అమ్మొద్దు."

అరుగు పోతే ఆ ఇంటికి పొయ్యి లేదు. కనగం భయపడింది. తాగే నీళ్ల తొట్టిలో వేయమని మునిసిపాలిటీ వాళ్లు ఇచ్చిన బ్లీచింగ్ పొడిని బియ్యం, మినప్పప్పు నానేసిన నీళ్లలో కూడా కలిపింది. తెల్లారి చూస్తే పిండి పొంగలేదు. గోడకు పూసే సున్నంలా పడి ఉంది, ఆస్పత్రి వాసన కొడుతూ.

"చెడ్డది చావాలని వేస్తే మంచిది చచ్చింది, అక్కా. ఈ బాక్టీరియా ఎన్ని రకాలో నాకు తెలియాల," అని నా దగ్గరికి వచ్చింది. నాకు అయిదో తరగతితో చదువు ఆగింది గానీ ప్రశ్నలు ఆగలేదు. సూక్ష్మజీవుల చదువు చదివే నా మనవరాలు ఆర్తిని పట్టుకున్నాం.

ఆర్తి పుస్తకంలో బొమ్మలు చూపింది. గొలుసులా కూర్చున్న గుండ్రటివి, పుల్లల్లాంటివి, మెలికలు తిరిగినవి. రంగు వేసి చూస్తే మందమైన గోడ ఉన్నవి ఊదాగా, పలచని గోడవి గులాబీగా కనిపిస్తాయట. గాలి లేకపోతే చచ్చేవి కొన్ని, గాలి తగిలితేనే చచ్చేవి కొన్ని.

"అయితే ఊదావి మంచివి, గులాబీవి చెడ్డవి. అంతేనా?" అన్నాను.

"కాదవ్వా. పిండిని పొంగించే గుండ్రటివీ, పులియబెట్టే పుల్లలూ ఊదానే. పుండుకు చీము పట్టించేవీ ఊదానే."

"మరి ఏంది చూసి చెప్పేది?"

"యాడ బతుకుతాయి, ఏం చేస్తాయి, అది చూసి."

కనగం అరచెయ్యి చూసుకుంది. "పిండిలోకి ఇవి నా చేతిలోంచే కదా పోయేది?"

"ఎక్కువ మినప్పప్పుతోనే వస్తాయత్తా. చేతులు సబ్బుతో కడిగినా పిండి పొంగుతుంది. నీళ్లు మాత్రం కాచి చల్లార్చి పోయండి."

కనగం మొహం చిన్నబోయింది. ఇన్నేళ్లూ అది తన చేతి గుణమే అనుకుంది మరి.

కాచిన నీళ్లతో రుబ్బిన పిండి మర్నాటికి గిన్నె మూతను ఎత్తేసింది. కనగం అరుగు మీద బెంచీ వేసి, అందరూ చూస్తుండగా సబ్బుతో చేతులు తోముకుని, ఆ చేత్తోనే కలిపింది. గుణశేఖరన్ రానే వచ్చాడు.

"బాక్టీరియా అని చెప్పితిని కదక్కా?"

"ఏ బాక్టీరియా, తంబీ? గుండ్రటిదా, పుల్లా, మెలికా? వీధిలో దొంగతనం జరిగితే ఒర్లియంపేటనంతా తీసకపోయి స్టేషన్లో పెడతావా? కొళాయిలో ఉండేదాన్ని పట్టుకో, పో. బెంచీ మాత్రం తియ్యను."

ఆ పొద్దు కొందరు కొన్నారు, కొందరు మొహం తిప్పుకుపోయారు. సాయంత్రం గుణశేఖరన్ భార్య తేన్మొళి కనగం ఇంటి సందువైపు తలుపు దగ్గర గిన్నెతో నిలబడింది.

"ఈడనే పోసెయ్యి, అక్కా. ఆయన చూస్తాడు."

"సందులో అమ్మేదానికి ఇదేం దొంగసరుకా? ముందువైపుకు రా. ఆయన చూసేప్పుడే పోస్తా," అని కనగం తలుపు వేసేసింది.

తేన్మొళి గిన్నె పట్టుకుని వీధి చుట్టూ తిరిగి అరుగు దగ్గరికి వచ్చింది.