ఎర్తు బోల్టు మీది కుంకుమ

ఆ ఉదయం ఫోన్ మోగేసరికి నేనింకా మంచం మీదే ఉన్నాను. లేవబుద్ధి కాలేదు. యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి జనరేటర్లు బాగుచేసే పనిలో పడి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతులకు పని తెలుసు గానీ, మోకాళ్లు మాట వినవు.

"తంబీ, మళ్లీ అదే కత. టక్కు టక్కంటాది, తిరగదు," అన్నాడు అవతల కారవాన్ డ్రైవరు.

కారవాన్ అంటే లోపల మంచం, వంటగట్టు, ఏసీ అమర్చిన పెద్ద వ్యాను. షూటింగులకూ, బీచికొచ్చే కుటుంబాలకూ అద్దెకు తిరుగుతుంది. పక్కన ఒక ఇనుప అరలో జనరేటరు ఉంటుంది. బండి ఆగిన చోట ఏసీ నడవాలంటే అదే దిక్కు. రాత్రిళ్లు లోపలి లైట్లూ ఫ్యానూ దాని బ్యాటరీ మీదే నడుస్తాయి. జనరేటరు మొరాయించడం మూడు నెలల్లో ఇది మూడోసారి. మొదటిసారి బ్యాటరీ మార్చాను. రెండోసారీ బ్యాటరీయే మార్చాను. అప్పుడు ఓనరు ఫోన్లో గట్టిగా నిలదీస్తే తప్పించుకోవడానికి, "రాత్రిళ్లు లైట్లు ఆర్పడం మర్చిపోతున్నాడేమో సార్, పెద్దాయన కదా" అన్నాను. చూసి అన్న మాట కాదు. నోటికొచ్చింది, అనేశాను.

ఓనరు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి కూడా జనరేటరు లేవకపోతే సాయంత్రానికి తాళాలిచ్చేసి ఇంటికి పొమ్మన్నాడట. మతిమరుపు మనిషి చేతికి బండి ఎట్లా ఇచ్చేదన్నాడట. డ్రైవరే ఇదంతా మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. ఆ పుకారు ఎవరు పుట్టించారో ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు.

మేట్టుపాళయంలో నా షెడ్డుకు వెళ్లి, ఛార్జింగ్ నిండిన బ్యాటరీ ఒకటి మోపెడ్ మీద కట్టుకుని సోలై నగర్ చేరేసరికి ఎండ ముదిరింది. వలలు ఆరేసిన ఇసుక పక్కన వ్యాను ఆగి ఉంది. ఏదో చీరల ప్రకటన తీస్తున్నారు. మధ్యాహ్నానికల్లా ఏసీ కావాలన్నారు. డ్రైవరు నాకంటే పదేళ్లు పెద్ద. తాతల నాడే రెడ్డియార్‌పాళయంలో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగే, రాసేదీ చదివేదీ మాత్రం తమిళం. ఆ రోజు కూడా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చాడు. ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో గీసిన నీలి గీతలేవో కనిపించాయి. ఏదో ఫోన్ నంబరు రాసుకున్నాడనుకున్నాను.

"నేను ఆర్పినా తంబీ. రెండుతూర్లు పొయ్యి చూసినా," అన్నాడు, నేను అడగకుండానే.

విననట్టు తల ఆ అరలోకి దూర్చాను.

పాత బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే నీరసంగా ఉంది. అది తీసి, తెచ్చింది పెట్టి స్టార్ట్ బటన్ నొక్కాను. టక్కుమంది, ఊరుకుంది. నిండుగా ఉన్న బ్యాటరీ! ఫ్యూజు చూశాను. మంచం పక్కనున్న బటన్ దాకా తీగలన్నీ చూశాను. చివరికి వ్యాను ఇంజను బ్యాటరీ నుంచి రెండు లావుపాటి కేబుళ్లు తెచ్చి, ఎర్రది స్టార్టర్ మోటారుకు, నల్లది జనరేటరు ఒంటికి తగిలించాను. ఒక్క తిప్పుకు బుర్రుమని లేచింది. ఆపి, కేబుళ్లు పీకి మళ్లీ బటన్ నొక్కితే మళ్లీ టక్కు. వెనక రెండుసార్లూ ఇదే చూసి, తప్పు బ్యాటరీదేనని తీర్మానించాను. ఈసారి ఆ వీలు లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఇసుకలో చతికిలబడ్డాను.

డ్రైవరు మజ్జిగ తెచ్చిచ్చాడు. "మోటరు పోయిందా?"

"లేదన్నా, బాగానే ఉంది."

"బ్యాటరీ?"

"అదీ బాగుంది."

"మల్ల ఏంది?"

అదే నేను వేసుకోవలసిన ప్రశ్న. మూడు నెలల కిందటే వేసుకోవలసింది. ఆయన్ను బటన్ నొక్కమని, మీటరు పిన్నుల్లో ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకొకటి జనరేటరు ఒంటి మీద పెట్టాను. ఆ రెండిటి మధ్యా దాదాపు సున్నా చూపించాలి. ఐదు వోల్టులు దాటింది. అంటే మోటారుకు వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి మూసుకుపోయింది. ఆ దారి నల్ల తీగ. వ్యాను కింద చట్రానికి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. ఎర్తు అంటాం. ఇందాక నేను నల్ల కేబుల్ నేరుగా జనరేటరు ఒంటికే తగిలించాను కాబట్టి దాని అవసరం లేకపోయింది. ఛార్జింగ్ కూడా ఆ దారినే రావాలి గనక కొత్త బ్యాటరీలు కొన్నాళ్లు లాగి నీరసించాయి.

వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాను. బోల్టు తల మీద ఎండిపోయిన గంధం, దాని మధ్యలో కుంకుమ బొట్టు. విప్పాను. తీగ చివరి రింగు కింద నల్లరంగు ఇంకా నిగనిగలాడుతోంది.

ఆ రంగు వేసింది నేనే. ఆయుధ పూజ ముందురోజు ఓనరు బండి మెరిసిపోవాలన్నాడు. బోల్టులన్నీ విప్పి, ఉప్పుగాలికి పట్టిన తుప్పు గీకి, చట్రానికి నల్లరంగు కొట్టాను. తడి ఆరకముందే ఆ రంగు మీదే ఎర్తు బిగించి, ఒక్కొక్క బోల్టుకూ గంధం, కుంకుమ పెట్టి, హారతిచ్చి, ఫొటో కూడా తీసుకున్నాను. రంగు కరెంటును పోనివ్వదని, ఎర్తు కింద ఒట్టి లోహం ఉండాలని ఐటీఐలో మొదటి వారమే చెబుతారు. బోల్టు మరలు పట్టుకున్నంతకాలం వాటి గుండా కరెంటు నడిచింది. అవి తుప్పు పట్టేకొద్దీ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు ఆగిపోయింది.

గరుకు కాగితంతో లోహం తెల్లగా తేలేదాకా రుద్ది బిగించాను. ఆయన బటన్ నొక్కగానే జనరేటరు లేచింది. ఏసీ మొదలైంది. నాకు సంతోషమేమీ కలగలేదు. తల కొట్టేసినట్టయింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిందని ఒక్క ముక్క చెప్పి మోపెడ్ ఎక్కేయొచ్చు. ఇంటికెళ్లి పడుకోవాలని ఒళ్లంతా కోరుకుంటోంది. నిజానికి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

ఆయన తాళాల గుత్తి చొక్కాకు తుడుస్తూ నిలబడ్డాడు. చూడలేకపోయాను. ఆయన ముందే ఓనరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"సార్, తప్పు డ్రైవరుది కాదు, నాది. పండక్కి రంగేసి దాని మీద ఎర్తు బిగించాను. ఆయన లైట్లు మర్చిపోతున్నాడన్నది కూడా నేను ఊరికే అన్న మాట."

"సరి సరి. ఇప్పుడు నడస్తా ఉండాదా లేదా?"

"నడుస్తోంది సార్."

"అయితే తాళాలు ఆయన కాడే ఉండనీ," అని పెట్టేశాడు.

నాలుగు తిట్లు తిడతాడని డ్రైవరు వైపు తిరిగాను. తిట్టలేదు. "లైట్ల మాట నువ్వే అన్నావని ఓనరు అప్పుడే చెప్పినాడులే," అన్నాడు. తర్వాత అరచెయ్యి చాపి చూపించాడు.

"లైటు ఆర్పితే ఒక గీత, ఫ్యాను ఆర్పితే ఒక గీత. తెల్లారి చూస్తే గీతలుండాయి, బ్యాటరీలో మాత్రం ఏమీ లేదు. ఆర్పకుండానే గీసుకున్నానేమో అనిపించింది తంబీ. నా మీద నాకే నమ్మకం పోయింది."

ఆయన తన ఫోన్‌లో ఇంటికి కలిపి నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చెప్పిన మాట మా ఇంటిదానికి చెప్పు. తల డాక్టరు కాడికి రమ్మని రోజూ ఏడస్తా ఉండాది."

చెప్పాను. రంగు, బోల్టు, నేను ఊరికే అన్న మాట, అన్నీ.

"అట్లయితే ఈయనకేమీ లేదా?" అని అడిగింది ఆమె.

"ఏమీ లేదు వదినా. ప్రతి రాత్రీ ఆర్పాడు. ఆయన ఏదీ మర్చిపోలేదు."

"ఇంకోతూరి చెప్పు తంబీ," అంది.

చెప్పాను.