గేటు బయట చాయ్

వారానికోసారి నా బల్ల మీదికి ఒక దుప్పటి వస్తుంది. విమానంలో ప్రయాణికులకు ఇచ్చే పల్చటి దుప్పటి. ఉతికి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి నమూనాగా పంపుతారు. సంచి చింపగానే సబ్బు వాసన, వేడి గుడ్డ వాసన, కాస్త మాడు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. శంషాబాద్‌లో మా ఆఫీసు కిటికీ అవతల విమానాలు దిగుతూనే ఉంటాయి. నాకు మాత్రం ఆ వాసనతో కొత్తూరు దగ్గరి ఒక మధ్యాహ్నం వచ్చి వీపు వెనక నిలబడుతుంది. దాని పక్కనే వసుంధర గారు. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటింది.

ఆమె నా పైఅధికారి. భీమవరం వైపు నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడ్డారు. విమానాల దుప్పట్లు, సీటు తొడుగులు శుభ్రం చేయించే కంపెనీ మాది. ఉతికే పని బయటి లాండ్రీలకు ఇస్తాం. అక్కడ మనుషుల్ని బంధించో, భయపెట్టో పని చేయించుకుంటున్నారేమో చూడటం ఆమె బాధ్యత. ఆమె వెంట తిరిగే కొత్త ఉద్యోగిని నేను, ఇక్కడి పక్క ఊరి రైతు కూతురిని. ఏ లాండ్రీకి వెళ్ళినా ఆమె ముందు గేటు బయట చాయ్ తాగేవారు. ఏ చాయూ ఆమెకు నచ్చేది కాదు. "ఇది టీనా, పంచదార పాకమా?" అని మొహం చిట్లించుకుంటూనే చివరి చుక్కదాకా తాగేవారు. ఒకసారి కాటేదాన్‌లో, పక్కన చాయ్ తాగుతున్న పనివాళ్ళు యజమానిని నోరారా తిట్టుకుంటుంటే చెవులు రిక్కించి విని, "ఇక్కడ ఫరవాలేదమ్మా, హాయిగా తిడుతున్నారు" అన్నారు. నాకు నవ్వాగలేదు.

కొత్తూరుకు ఆ రోజు చెప్పకుండా వెళ్ళాం. హైవే దిగి మట్టిదారి పడితే ఎత్తైన గోడ, రేకుల షెడ్డు, పైన గొట్టంలోంచి ఆవిరి. లోపల మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి. బయట చాయ్ బండి లేదు, పాన్ డబ్బా లేదు. గేటు ముందు ఒక్క బీడీ ముక్క గానీ కాగితం కప్పు గానీ పడి లేదు. మట్టి మీద లారీ చక్రాల గుర్తులు తప్ప మనిషి అడుగు కనిపించలేదు. నడినెత్తిన ఎండ మండుతున్నా నాకు ఒళ్ళు జలదరించింది.

వసుంధర గారు కారు వెనక్కి తిప్పించారు. హైవే పక్కన ఒక చాయ్ బండి దొరికింది. నేనే అడిగాను.

"అన్నా, ఆ లాండ్రీ కాడ పెట్టుకోవచ్చు గదా బండి?"

"పెట్టిన అక్కా. ఎవ్వలు రారు," అన్నాడతను గిన్నెలో చాయ్ కలుపుతూ. "మిషిన్ల సప్పుడు వస్తది, ఆవిరి వస్తది. మనుషులే బయటికి రారు. నాకే జర భయమైంది. ఇగ ఇటు తెచ్చుకున్న."

వసుంధర గారు ఆ చాయ్‌కి ఏ వంకా పెట్టలేదు. సగం తాగి గ్లాసు కింద పెట్టేశారు. అది చూశాక నాకు ఇంకా భయం వేసింది.

మళ్ళీ వెళ్ళి గేటు తట్టాం. యజమాని నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళాడు. ఆవిరిలో ఆడవాళ్ళు వరసగా నిలబడి మా దుప్పట్లే మడుస్తున్నారు.

"ఎలా ఉన్నారమ్మా?" అన్నారు వసుంధర గారు.

"మంచిగున్నం మేడం," అంది మొదటామె తల ఎత్తకుండా.

"నీ పేరేమిటి?" అని పక్కనామెను అడిగారు.

"మంచిగున్నం మేడం."

"ఏ ఊరమ్మా మీది?"

"మంచిగున్నం మేడం," అంది మూడో ఆమె, అదే గొంతుతో. వాళ్ళెవరికీ తెలుగు రాదు. ఎవరో ఆ ఒక్క మాటే నేర్పి నిలబెట్టారు.

షెడ్డు వెనక వాళ్ళు పడుకునే గది ఉంది. దానికి గడియ బయటివైపు మాత్రమే ఉంది.

"కొత్త జాగ గదా మేడం, బయట తప్పిపోయి పరేషాన్ అయితరని," అన్నాడు యజమాని.

"అలాగా. అయితే వీళ్ళతో కలిసి గేటు బయట టీ తాగి వస్తానండి."

"బయటికెందుకు మేడం? చాయ్ ఈడికే తెప్పిస్త."

చాయ్ అన్న మాట మాత్రం వాళ్ళకు తెలుసు. దుప్పట్లు మడుస్తున్న చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

వసుంధర గారు పక్కకు వెళ్ళి పోలీసులకు, ఆర్డీవో ఆఫీసుకు ఫోన్ చేశారు. తర్వాత మా కంపెనీ పెద్ద సారుకు చేశారు. వెంటనే వచ్చేయండి, ఆ లాండ్రీని ఇవాళే మన జాబితాలోంచి తీసేద్దాం అని ఆయన కేకలేయడం నాకూ వినబడింది.

"మనం కదిలితే సాయంత్రానికల్లా వీళ్ళని ఇంకో షెడ్డుకి మార్చేస్తారండి. మళ్ళీ ఏ గోడ వెనకని వెతుకుతాం? అధికారులు వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను," అని ఆమె ఫోన్ పెట్టేశారు. వెళ్ళి ఆ ఆడవాళ్ళ మధ్య, మాసిన దుప్పట్ల కుప్ప మీద కూర్చున్నారు.

యజమాని మిషన్లు ఆపించాడు. ఆ చప్పుడు కన్నా ఈ నిశ్శబ్దం ఘోరంగా ఉంది. మా వెనక గేటు ఎప్పుడు మూశారో నేను చూడలేదు. అది మళ్ళీ తెరవకపోతే మా సంగతీ ఇంతే కదా అనిపించింది.

"భయంగా ఉందా శిరీషా?" అన్నారామె నెమ్మదిగా.

"భయమైతుంది మేడం."

"నాకూ ఉంది. ఇలా వచ్చి కూర్చో."

పొద్దు వాలుతుండగా అధికారులు వచ్చి గేటు తెరిపించారు. అందరం హైవే దాకా నడిచి ఆ బండి దగ్గర చాయ్ తాగాం. వాళ్ళ భాష తెలిసిన ఒక అధికారిణి ఆ మొదటామెను పేరు అడిగింది. ఆమె గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి ఆ మట్టిదారి వైపు ఒకసారి చూసి, "మంచిగున్నం మేడం" అంది. నాకు ఏడుపు ఆగలేదు. వసుంధర గారు ఆమె చాయ్ పూర్తయ్యేదాకా ఆగి, మళ్ళీ అడిగించారు. చాలాసేపటికి, పెదవులు కదిలీ కదలనట్టు, తన పేరు చెప్పింది.

తిరిగి వస్తూ కారులో, "ఒక్క పూటలో అన్ని దుప్పట్లూ కావాలని పీకల మీద కూర్చున్నది మనమే కదమ్మా," అన్నారు వసుంధర గారు. ఆ హడావుడి ఆర్డర్లు మానిపించేదాకా పెద్ద సారును ఊపిరి తీసుకోనివ్వలేదు.

ఇప్పుడు ఆమె పని నేను చేస్తున్నాను. గేటు బయట చాయ్ తాగి, ఆమెలాగే వంకలు పెడుతున్నాను. బాగున్నామని ఎవరైనా గబుక్కున చెబితే, కాసేపాగి మళ్ళీ అడుగుతాను. సాయంత్రం ఇంటికి చేరాక అమ్మ ఫోన్ చేసి "ఎట్లున్నవ్ బిడ్డా?" అంటుంది. "మంచిగున్ననే" అంటాను. అని, లేచి వెళ్ళి, తలుపు గడియ లోపలివైపే ఉందా అని చేత్తో తడిమి చూసుకుంటాను.